యాంటీబయాటిక్ చేతికొచ్చాక: ఏ టైముకి, దేంతో, ఎన్ని రోజులు వేసుకోవాలి

పోయినేడాది మా అమ్మకి మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే డాక్టర్ గారు యూరిన్ కల్చర్ (మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) చేయించి రిపోర్టు చూసి సిప్రోఫ్లాక్సాసిన్ 500 రాశారు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, ఏడు రోజులు. నాలుగో రోజుకి కూడా జ్వరం తగ్గలేదు. రిపోర్టులో ఆ మందు పనిచేస్తుందనే ఉంది, అమ్మ ఒక్క పూట కూడా మానలేదు, మరి ఎందుకు తగ్గట్లేదో తెలీక మళ్ళీ తీసుకెళ్తే డాక్టర్ గారు అడిగిన మొదటి మాట "దేంతో వేసుకుంటున్నారమ్మా?" అని. "పాలతోనే బాబూ, కాల్షియం బిళ్ళ కూడా అప్పుడే వేసేసుకుంటా, అన్నీ ఒకేసారి అయిపోతాయని" అంది అమ్మ.

అక్కడే దొరికింది కారణం. మందు అదే ఉంచారు, పాలు, కాల్షియం మాత్రం దానికి దూరం జరిపారు, రెండు రోజుల్లో జ్వరం దిగింది. నేను మెడికల్ షాపులో కౌంటర్ దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్నా, రోజూ ఎంతమందికో ఈ మందులు ఇస్తుంటా, అయినా మా ఇంట్లో ఇలా జరిగింది. అప్పట్నుంచి యాంటీబయాటిక్ కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ రెండు నిమిషాలు ఆపి చెప్తున్నా, కానీ రద్దీలో అన్నీ చెప్పలేం కదా, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు ఆ మందు మీకు కావాలా అన్నది చూద్దాం. యాంటీబయాటిక్ బాక్టీరియా మీదే పనిచేస్తుంది, వైరస్ మీద పనిచేయదు. జలుబు, ఫ్లూ, డెంగీ, చికున్‌గున్యా, చాలావరకు గొంతు నొప్పులు ఇవన్నీ వైరస్ వల్ల వచ్చేవే, వీటికి అజిత్రోమైసిన్ వేసుకున్నా వేసుకోకపోయినా తగ్గాల్సిన రోజుకే తగ్గుతాయి. మూడో రోజు తగ్గేసరికి మందు వల్లే తగ్గిందనుకుంటాం, మళ్ళీ జలుబు చేస్తే నేరుగా షాపుకొచ్చి "అజిత్రో మూడు ఇవ్వండి" అంటాం. స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది చూడండి, అది డాక్టర్ చీటీ లేకుండా వాడకూడని మందు అని చెప్పే గుర్తు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎర్ర గీత గురించి ప్రచారం కూడా చేసింది. అంతకుముందే 2014లో షెడ్యూల్ హెచ్1 అని ఒక రూల్ వచ్చింది, ఆ లిస్టులో ఉన్న మందు అమ్మితే ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చాం అన్నది మేము రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. కాబట్టి షాపతను చీటీ అడిగితే కోప్పడకండి, అడగకుండా ఇచ్చేస్తేనే కాస్త ఆలోచించండి.

టైఫాయిడ్ గురించి కూడా ఒక మాట. మన ఊళ్ళలో జ్వరం రాగానే వైడాల్ టెస్టు చేయించి "టైఫాయిడ్ పాయింట్స్ ఉన్నాయి" అని చెప్పి మందులు మొదలుపెట్టేయడం మామూలైపోయింది. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టైఫాయిడ్‌కో, వేరే జ్వరానికో కూడా ఆ టెస్టు పాజిటివ్ చూపించొచ్చు, ఒక్కసారి చేసిన వైడాల్‌ని నమ్ముకుని తేల్చేయలేం. బ్లడ్ కల్చర్ ఇంతకంటే చాలా నమ్మకమైంది. కల్చర్ ఏదైనా సరే, రక్తమైనా మూత్రమైనా, శాంపిల్ మొదటి డోసు వేసుకోకముందే ఇవ్వాలి. ఒక్క డోసు లోపలికెళ్ళినా ల్యాబులో క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు రిపోర్టు ఏమీ లేదని వస్తుంది, రోగం మాత్రం అలాగే ఉంటుంది. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటిదాకా డాక్టర్ గారు అంచనాతో ఒక మందు మొదలుపెట్టి, రిపోర్టు వచ్చాక మార్చొచ్చు. రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్ అని ఉంటే ఆ క్రిమి మీద ఆ మందు పనిచేస్తుందని, ఆర్ అని ఉంటే చేయదని. ఆ కాగితం పారేయకండి, మళ్ళీ అదే ఇన్ఫెక్షన్ వస్తే చాలా పనికొస్తుంది.

డాక్టర్ గారి గదిలోంచి బయటికి రాకముందే కొన్ని చెప్పేయాలి, వాళ్ళు హడావిడిలో అడగడం మర్చిపోయినా సరే. ఇంతకుముందు ఏ మందుకైనా ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా, మొహం వాచిందా, ఆయాసం వచ్చిందా, ఆ మందు పేరేంటి. గర్భంతో ఉన్నారా, పాలిస్తున్నారా. కిడ్నీ సమస్య ఉందా, ఉంటే చాలా మందులకి డోసు తగ్గించాలి. గుండె వాల్వు ఆపరేషన్ అయ్యి రక్తం పల్చబడటానికి ఎసిట్రోమ్ లాంటివి వాడుతున్నారా, ఎందుకంటే చాలా యాంటీబయాటిక్స్‌తో ఆ మందు పవర్ పెరిగి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. షుగరుకి గ్లిమిపిరైడ్ వాడేవాళ్ళకి సిప్రో (సిప్రోఫ్లాక్సాసిన్), లీవో (లీవోఫ్లాక్సాసిన్) లాంటివి ఇస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు, కళ్ళు తిరిగి చెమటలు పడితే వెంటనే షుగర్ చూసుకోవాలి. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళడం అన్నిటికంటే తేలిక, పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

ఇక టైము సంగతి. చీటీ మీద 1-0-1 అని ఉంటే పొద్దున, రాత్రి అని అందరికీ తెలుసు. కానీ పొద్దున పదకొండింటికి టిఫిన్ చేశాక ఒకటి, రాత్రి ఏడింటికి భోజనం చేశాక ఒకటి వేసుకుంటే పగలు ఎనిమిది గంటలే గ్యాప్, రాత్రి నుంచి మర్నాటికి పదహారు గంటల గ్యాప్ వస్తుంది. 1-0-1 అంటే పన్నెండు గంటలకొకటి, పొద్దున ఎనిమిదికి వేసుకుంటే రాత్రి ఎనిమిదికి. 1-1-1 అంటే ఎనిమిది గంటలకొకటి, పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అనుకోండి. ఎందుకింత పట్టింపు అంటే అమాక్సిసిలిన్ లాంటి మందు రక్తంలోంచి చాలా తొందరగా పోతుంది, గంటకో గంటన్నరకో సగం అయిపోతుంది, క్రిమి చావాలంటే ఆ మందు రక్తంలో ఒక మట్టం పైనే ఎక్కువసేపు ఉండాలి. గ్యాప్ పెరిగితే ఆ మట్టం పడిపోయి మిగిలిన క్రిములు మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. అజిత్రోమైసిన్ దీనికి పూర్తిగా వేరు, అది ఒంట్లో కణజాలంలో చేరి రోజుల తరబడి ఉండిపోతుంది, అందుకే రోజుకి ఒకటే, చాలాసార్లు మూడు రోజులే రాస్తారు. "మా పక్కింటాయనకి మూడు రోజులే ఇచ్చారు, నాకెందుకు పది రోజులు" అని అడుగుతుంటారు, మందుని బట్టి, రోగాన్ని బట్టి లెక్క మారుతుంది మరి. ఫోన్లో అలారం పెట్టేయండి, పెద్దవాళ్ళకైతే స్ట్రిప్ మీదే పెన్నుతో తేదీ, పూట రాసిస్తే వేసుకున్నామా లేదా అన్న సందేహం రాదు.

ఒక పూట మర్చిపోతే? గుర్తొచ్చిన వెంటనే వేసేసుకోండి. తర్వాతి డోసు టైము దగ్గరికొచ్చేసి ఉంటే మర్చిపోయింది వదిలేసి మామూలు టైముకి ఒకటే వేసుకోండి. రెండూ కలిపి మాత్రం వేసుకోవద్దు. వేసుకున్న అరగంటలోపే వాంతి అయిపోతే ఆ డోసు లోపలికి వెళ్ళనట్టే లెక్క చాలావరకు, డాక్టర్‌కి ఫోన్ చేసి మళ్ళీ వేసుకోవాలా అని అడగండి, వాంతిలో టాబ్లెట్ కనపడిందా లేదా చూసి చెప్పండి.

దేంతో వేసుకోవాలి అన్నదే నేను ఎక్కువ చెప్పాలనుకున్నది, మా అమ్మ సంగతి అక్కడే కదా. మామూలు నీళ్ళతో, నిండు గ్లాసుతో. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, అలాగే డాక్సీసైక్లిన్, ఈ మందులకి కాల్షియం, ఐరన్, జింక్, మెగ్నీషియం, అల్యూమినియం తగిలితే కడుపులోనే వాటిని పట్టుకుని ముద్దకట్టేస్తాయి, రక్తంలోకి ఎక్కవు, మలంతో పాటు బయటికి పోతాయి. రక్తం తక్కువగా ఉందని ఐరన్ బిళ్ళ వాడేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులకి కాల్షియం వాడేవాళ్ళు, రోజూ మల్టీవిటమిన్ వేసుకునేవాళ్ళు, మంట రాగానే జెలూసిల్, డైజీన్ తాగేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. సిప్రోని ఈ కాల్షియం, ఐరన్ లాంటివి వేసుకోవడానికి రెండు గంటల ముందు గానీ, అవి వేసుకున్న ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఇంత లెక్క కష్టమనిపిస్తే ఆ ఐదారు రోజులు కాల్షియం, ఐరన్ ఆపొచ్చా అని డాక్టర్‌నే అడగండి, చాలామందికి ఆపమనే చెప్తారు. సిప్రోని ఒట్టి పాలతోనో పెరుగుతోనో వేసుకోకూడదు. మధ్యాహ్నం భోజనంలో చివర కాస్త పెరుగన్నం తింటే ఏమీ కాదు, పాలగ్లాసు పట్టుకుని టాబ్లెట్ మింగడమే సమస్య.

అన్ని మందులకీ ఇదే రూల్ కాదు. అమాక్సిసిలిన్ క్లావులనేట్, అదే అందరూ 625 అంటారు కదా, దాన్ని పాలతో వేసుకున్నా నష్టం లేదు, కాకపోతే భోజనం మొదలుపెట్టేటప్పుడు వేసుకుంటే కడుపులో తిప్పడం, మోషన్స్ తగ్గుతాయి. ఆ 625లో అమాక్సిసిలిన్ 500, క్లావులనేట్ 125 ఉంటుంది, 375లో 250, 125. అందుకని 625 దొరకలేదని రెండు 375లు వేసుకుంటే అమాక్సిసిలిన్ సరిపోయినా క్లావులనేట్ రెట్టింపైపోయి విరేచనాలు పట్టుకుంటాయి. సెఫిక్సిమ్ తిన్నాకైనా తినకముందైనా పర్లేదు. సెఫురాక్సిమ్, సెఫ్పోడాక్సిమ్ మాత్రం తిన్నాకే బాగా ఎక్కుతాయి, పైగా వాటికి కడుపులో యాసిడ్ ఉండాలి. మన దగ్గర ఏ చీటీ చూసినా చివర్న ఒక గ్యాస్ బిళ్ళ ఉంటుంది, పాంటోప్రజోల్ లాంటిది, అది యాసిడ్ తగ్గించేస్తే ఈ రెండు మందులూ తక్కువగా ఎక్కే అవకాశం ఉంది. కాబట్టి ఈ రెండిట్లో ఏదైనా రాస్తే "గ్యాస్ బిళ్ళ తప్పనిసరా సార్" అని ఒకమాట అడగండి, తప్పేం లేదు. క్లాక్సాసిలిన్, యాంపిసిలిన్ లాంటివి పరగడుపున, అంటే తినడానికి గంట ముందు లేదా తిన్న రెండు గంటలకి. అజిత్రోమైసిన్ టాబ్లెట్ ఎలాగైనా పర్లేదు, యాంటాసిడ్ సిరప్‌కి రెండు గంటలు దూరం ఉంచితే చాలు. మూత్రం ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే నైట్రోఫ్యూరంటోయిన్ తప్పకుండా తిన్నాకే వేసుకోవాలి, దాంతో మూత్రం ముదురు పసుపుగానో గోధుమ రంగులోనో వస్తుంది, భయపడి ఆపేయకండి.

డాక్సీసైక్లిన్ గురించి విడిగా చెప్పాలి. స్క్రబ్ టైఫస్ అని పొలాల్లో, పొదల్లో ఉండే చిన్న నల్లి లాంటి పురుగు కుట్టి వచ్చే జ్వరం ఉంది కదా, దానికి ఇది బాగా పనిచేసే మందు. మొటిమలకి కూడా రాస్తారు. ఈ క్యాప్సూల్ గొంతు దిగాక అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడే పుండు పడుతుంది, ఛాతీలో మంట, మింగలేకపోవడం వస్తుంది. అందుకే రెండు గుక్కల నీళ్ళతో మింగి మంచం ఎక్కేయొద్దు, నిండు గ్లాసు నీళ్ళు తాగి కనీసం అరగంట నిటారుగా కూర్చోండి లేదా నడవండి, పడుకునే ముందు వేసుకునే అలవాటు మానండి. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది, మన ఎండాకాలంలో అయితే గొడుగు, పొడుగు చేతుల చొక్కా ఉండాల్సిందే. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబంలోది, ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్, అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్‌లో పరిశోధన విభాగాన్ని నడిపిస్తున్నప్పుడు ఆ బృందంలోని బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నది, 1948లో బయటికొచ్చింది, సుబ్బారావు గారు కూడా ఆ ఏడాదే పోయారు. డాక్సీ క్యాప్సూల్ ఎవరికైనా ఇచ్చేటప్పుడు నాకు ఆయన గుర్తొస్తారు.

మెట్రోనిడజోల్, టినిడజోల్ రాస్తే మద్యం తాగొద్దు, కోర్సు అయ్యాక కూడా కనీసం మూడు రోజులు తాగొద్దు, వాంతులు, గుండెదడ, మొహం ఎర్రబడటం రావచ్చు. దగ్గు సిరప్పుల్లో కొన్నిట్లో ఆల్కహాల్ ఉంటుంది, అదీ చూసుకోండి. ఈ రెండు మందులతో నోట్లో ఇనుము రుచి వస్తుంది, అది మామూలే, కోర్సు అవ్వగానే పోతుంది.

పిల్లల డ్రై సిరప్ దగ్గర చాలా పొరపాట్లు చూస్తుంటా. సీసాలో పొడి ఉంటుంది, పెట్టెలో నీళ్ళ ట్యూబ్ ఇస్తే అదే పోయాలి, లేకపోతే కాచి చల్లార్చిన నీళ్ళు. వేడి నీళ్ళు పోయొద్దు. ముందు సీసాని కుదిపి పొడి వదులు చేసి, సగం నీళ్ళు పోసి బాగా ఊపి, నురగ దిగాక గీత దాకా మిగతా నీళ్ళు పోయాలి. నురగతోనే గీత చూసుకుంటే నీళ్ళు తక్కువై మందు చిక్కబడిపోతుంది. ప్రతిసారీ ఊపి పోయాలి, లేకపోతే మొదటి రోజుల్లో పలచగా, చివరి రోజుల్లో చిక్కగా వెళ్తుంది పిల్లాడికి. వంటింటి చెంచా వద్దు, ఒక్కో చెంచా ఒక్కో కొలత, పెట్టెలో ఇచ్చిన మూతో లేదా సూది లేని సిరంజో వాడండి. 625 రకం మందు డ్రై సిరప్ కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి ఏడు రోజుల్లో వాడేయాలి, కొన్నిటికి ఫ్రిజ్ అక్కర్లేదు, పెట్టె మీద చూసి, కలిపిన తేదీ సీసా మీద రాసుకోండి. మిగిలింది వచ్చే నెల తమ్ముడికి జలుబు చేస్తే పోద్దామని దాచొద్దు.

"యాంటీబయాటిక్ వేడి చేస్తుంది, పథ్యం చేయాలి" అని వంకాయ, గోంగూర మానేసి నాలుగు రోజులు జావ మీదే ఉండేవాళ్ళు ఇంకా ఉన్నారు. రోగంతో ఉన్న ఒంటికి తిండి కావాలి, ఇడ్లీ, పప్పన్నం, చారన్నం, గుడ్డు, ఏది సహిస్తే అది తినండి. మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగండి, సిప్రో, డాక్సీ అయితే మజ్జిగని టాబ్లెట్‌తో పాటు కాకుండా దూరంగా తాగండి.

రెండు మూడు మోషన్స్, కాస్త వికారం, నాలుక మీద తెల్లపూత, ఆడవాళ్ళకి తెల్లబట్ట, దురద ఇవి వస్తుంటాయి, డాక్టర్‌కి చెప్తే చిన్న మందుతో పోతాయి. కానీ దద్దుర్లతో పాటు పెదాలు, కళ్ళు వాచినా, గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఒంటి మీద బొబ్బలు, నోట్లో పుళ్ళు, చర్మం ఊడిరావడం కనపడితే మందు ఆపేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. నీళ్ళ విరేచనాలు ఆగకుండా అవుతున్నా, రక్తం పడుతున్నా, అది కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి వచ్చినా సరే, యాంటీబయాటిక్ వాడామని చెప్పండి, సొంతంగా మోషన్స్ ఆపే బిళ్ళ వేసుకోవద్దు. సిప్రో, లీవో వాడేటప్పుడు మడమ వెనక నరం లాంటిది నొప్పి పెడితే ఆపేసి ఫోన్ చేయండి, ముఖ్యంగా అరవై దాటినవాళ్ళు.

ఎన్ని రోజులు అన్నదానికి డాక్టర్ రాసినన్ని రోజులు అన్నదే నా జవాబు, తక్కువా కాదు ఎక్కువా కాదు. రెండో రోజుకి జ్వరం తగ్గగానే మిగతావి డబ్బాలో వేసేవాళ్ళు కొందరు, తగ్గినా "ఇంకో ఐదు రోజులు వాడితే మంచిదేమో" అని సొంతంగా పొడిగించేవాళ్ళు కొందరు. ఎక్కువ రోజులు వాడితే రోగం ఎక్కువ నయం కాదు, ఒంట్లో మంచి బాక్టీరియా మీద ఒత్తిడి పడి మందుకి లొంగని రకాలు మిగులుతాయి, అందుకే ఈమధ్య చాలా ఇన్ఫెక్షన్లకి కోర్సులు చిన్నవవుతున్నాయి. అలాగని అన్నీ చిన్నవి కావు, స్ట్రెప్ అనే బాక్టీరియాతో వచ్చే గొంతు ఇన్ఫెక్షన్‌కి పెన్సిలిన్ పది రోజులు రాస్తే అది గొంతు కోసం ఒక్కటే కాదు, తర్వాత కీళ్ళ జ్వరం వచ్చి గుండె వాల్వులు పాడవకుండా ఉండటానికి కూడా. టీబీ మందులైతే చాలావరకు కనీసం ఆరు నెలలు. నయమైపోయింది ఆపొచ్చా అనిపిస్తే ఆ ప్రశ్న డాక్టర్‌నే అడగండి. డబ్బులు సరిపోక "రెండు రోజులకే ఇవ్వండి" అని స్ట్రిప్ కత్తిరించమనేవాళ్ళు నాకు రోజూ కనపడతారు, వాళ్ళని చూస్తే బాధేస్తుంది. అలాంటప్పుడు జన ఔషధి కేంద్రంలో అదే మందు జెనరిక్ అడగండి, ధర చాలా తక్కువ, కోర్సు మొత్తం వస్తుంది.

మొదలుపెట్టిన రెండు మూడు రోజులకి కూడా ఏమాత్రం తేడా లేకపోతే మళ్ళీ వెళ్ళండి, మందు మీరే మార్చేయకండి, "పవర్ ఎక్కువది ఇవ్వండి" అని షాపులో అడక్కండి. టైఫాయిడ్‌లో మాత్రం సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టొచ్చు, అది ముందే డాక్టర్ గారు చెప్తే కంగారు ఉండదు. వెళ్ళేటప్పుడు ఏ టైముకి వేసుకున్నారు, దేంతో వేసుకున్నారు, పక్కన ఇంకేం వాడుతున్నారు ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. మా అమ్మ ఇప్పుడు కాల్షియం బిళ్ళ మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకుంటోంది, మళ్ళీ ఎప్పుడైనా చీటీ మీద కొత్త యాంటీబయాటిక్ కనపడితే ఆ డబ్బా తీసుకొచ్చి నా చేతిలో పెట్టి "దీన్ని ఎప్పుడు వేసుకోను?" అని అడుగుతుంది.